నిలబడే హక్కు కోసం కూర్చున్న రోజు

ఆ శనివారం ఉదయం మావిస్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకంలో ఉన్నది ఒకే ఒక్క అంశం: క్రాగ్‌డెన్ టౌన్ ఫుట్‌బాల్ మైదానంలో ఆ మధ్యాహ్నం ఎవరూ లేచి నిలబడకూడదు. గోలు పడినా, పడవలసిన గోలు తప్పినా, రిఫరీ కళ్ళు ఇంట్లో మరచి వచ్చినట్టు ప్రవర్తించినా, జనం తమ తమ సీట్లకు అతుక్కుని ఉండాలి. పదేళ్ళకు పైగా ఆమె పోరాడుతున్నది మాత్రం అదే జనం నిలబడి ఆట చూసే హక్కు కోసం.

ఇందులోని విడ్డూరం ఆమెకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళకు మునుపు ఒక వసంతకాలపు మధ్యాహ్నం, వేరే ఊరి మైదానంలో, ఇనుపకంచె వెనుక జనం నలిగి చనిపోయారు. తప్పు చనిపోయినవారిది కాదని న్యాయస్థానం నోట చెప్పించుకోవడానికి వారి తల్లులకు పాతికేళ్ళు దాటింది. పెద్ద మైదానాలలో నిలబడే అరుగులను తొలగించడానికి ప్రభుత్వానికి అంత కాలం పట్టలేదు. కూర్చోవడమే క్షేమమని శాసనం వచ్చింది. జనం మాత్రం ఆ సీట్ల మధ్యనే లేచి నిలబడుతూ, ముందు సీటు అంచు మోకాలి కింద తగిలి బోర్లా పడుతూ వచ్చారు. ఆ మరణాలను తేలికగా తీసుకునే మనిషి కాదు మావిస్. ఆ తల్లులలో ఇద్దరికి ఆమె ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంది. అందుకే ఆమె అడిగింది పాత అరుగులు కాదు: ప్రతి వరుసకూ నడుమెత్తు ఇనుప కడ్డీ, కడ్డీకి మడిచిపెట్టే సీటు, మనిషికొక చోటు. చట్టం ఈ మధ్యనే కాస్త మెత్తబడింది. క్రాగ్‌డెన్ ఉత్తరపు గ్యాలరీలో కడ్డీలు బిగించడం పూర్తయింది. ఇక కావలసింది అనుమతి.

అనుమతికి ఒక నిబంధన ఉంది. కూర్చోవలసిన చోట బుద్ధిగా కూర్చోగల జనానికే నిలబడే చోటు ఇస్తారు. ప్రభుత్వ పరిశీలకుడు వచ్చిన రోజున జనం నిలబడి కనిపిస్తే ఆ ఏడాదికి దరఖాస్తు చెత్తబుట్టకే. ఆ నిబంధన రాసినవారు జీవితంలో ఒక్కసారైనా వానలో నిలబడి ఆట చూసి ఉంటారని మావిస్ అనుకోలేదు. చూడనివారే నిబంధనలు రాస్తారన్నది ఆమె దీర్ఘకాలపు పరిశీలన.

పరిశీలకుడు ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. అభిమానుల సంఘానికి కార్యదర్శి కనుక అతని పక్కన కూర్చోవలసింది ఆమె. జనం కూర్చుంటారా అన్న బెంగ ఆమెకు వారం రోజులుగా నిద్ర లేకుండా చేసింది. ఒక్కటే ధైర్యం: ఆ ఊరి బడిలో ఆమె ముప్పై ఎనిమిదేళ్ళు భూగోళం చెప్పింది. ఉత్తరపు గ్యాలరీలో సగం మంది ఆమె దగ్గర నదుల పేర్లు వల్లించినవారే. మనవలను ఎత్తుకున్న బట్టతలల మగవాళ్ళు సైతం ఆమెను ఈనాటికీ "మిస్" అనే పిలుస్తారు. వారందరికీ ఆమె కబురు పంపింది: శనివారం ఎవరూ లేవవద్దు.

అన్నీ సర్దుకున్నాయనుకుని వంటింట్లోకి వచ్చేసరికి, ఆమె తమ్ముడు నార్మన్ పొయ్యి పక్కన నిలబడి ఓట్స్ జావ తాగుతున్నాడు. అతను పూర్వం బస్సు డ్రైవరు. భార్య పోయాక అక్క దగ్గరే ఉంటున్నాడు. నిలబడి తినడం అతని అలవాట్లలో లేదు.

"కూర్చో, నార్మన్."

"నిలబడే తాగుతాలే. అరుగుతుంది."

"అరవై ఏడేళ్ళ నుంచీ కూర్చుని తిన్నదేదీ అరగలేదా?"

"వెన్ను పట్టేసింది."

"వెన్ను పట్టేసినవాడు కుర్చీని పామును చూసినట్టు చూడడు."

నార్మన్ కిటికీ వైపు తిరిగాడు. "సెగ్గడ్డ," అన్నాడు, పెరట్లోని చెత్తడబ్బాతో చెబుతున్నట్టు.

"ఎక్కడ?"

"ఎక్కడుంటే కూర్చోలేమో అక్కడ. ఇంకా వివరం కావాలా? పటం గీయనా?"

మావిస్ కుర్చీ లాక్కుని తాను కూర్చుంది. "అయితే ఇవాళ ఇంట్లోనే పడుకో. బోర్లా."

"పుట్టి బుద్ధెరిగాక సొంతూళ్ళో ఒక్క ఆట మానలేదు నేను. నా పెళ్ళి రోజున కూడా రెండో సగానికి పోయాను. ఆ మాట ఆ మహాతల్లి బతికున్నన్నాళ్ళూ ఎత్తిపొడుస్తూనే ఉంది. ఇప్పుడు గడ్డ కోసం మానేస్తే స్వర్గంలో నా పరువేం కాను?"

"ఇవాళ నువ్వు నిలబడితే నీ వెనకవాడు నిలబడతాడు. వాడి వెనకవాడు నిలబడతాడు. పదేళ్ళ పని గంగలో కలుస్తుంది."

"నా వెనక ఎవడూ లేకపోతే?"

మావిస్ ఆలోచించింది. ఉత్తరపు గ్యాలరీ చివరి వరుస వెనుక గోడ తప్ప ఏమీ లేదు. గోడకు ఆనుకున్న మనిషి ఎవరికీ అడ్డం కాడు. పరిశీలకుడు కూర్చునేది మొదటి వరుసలో; అతను మెడ తిప్పి చూసినా అంత పైన, ఆ నీడలో, ఒక ముసలివాడు నిలుచున్నాడో కూర్చున్నాడో తెలియదు. భూగోళశాస్త్రపరంగా ఆ లెక్క నిర్దోషం. లోపం మనుషుల దగ్గర ఉంటుందన్నది ఆమెకు తట్టలేదు.

"ఎవరైనా ఎందుకు నిలబడ్డావంటే ఏం చెప్పను?" అన్నాడు నార్మన్.

"ఎవరూ అడగరు. మనూరివాళ్ళు అడిగే రకం కాదు."

అతను బయలుదేరినప్పుడు మోకాళ్ళ దాకా వచ్చే నల్లకోటు వేసుకున్నాడు. ఆ కోటును మావిస్ శవయాత్రలలో తప్ప ఎక్కడా చూడలేదు.

"అదెందుకు?"

"ప్యాంటు పట్టేస్తోంది. లోపల పైజామా ఉంది. చూపించనా?"

"వద్దు," అంది మావిస్.

మైదానం గేటు దగ్గర ఉత్తరపు గ్యాలరీ భద్రత చూసే షీనా నారింజరంగు కోటులో ఎదురైంది. ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళ కష్టానికి కళ్ళనీళ్ళు పెట్టుకునే మంచి మనిషి ఆమె. మావిస్ ఆమెను పక్కకు పిలిచింది. "మా తమ్ముడు ఇవాళ చివరి వరుసలో నిలబడే ఉంటాడు. కారణం మాత్రం అడక్కు."

షీనా నల్లకోటును చూసింది. ఒక్కొక్క మెట్టూ పళ్ళ బిగువున ఎక్కుతున్న ముసలివాడి ముఖాన్ని చూసింది. తల ఒక పక్కకు వాల్చింది. "అడగను, తల్లీ. ఒక్క మాట కూడా అడగను. ఇలాంటప్పుడు మనిషికి మనుషుల మధ్య ఉండాలనిపిస్తుంది. నేను చూసుకుంటాగా."

ఎలాంటప్పుడు అని మావిస్ అడిగి ఉండవలసింది. కాని పరిశీలకుడు వచ్చేశాడు.

అతని పేరు ఫెన్విక్. ఎవరో పొడుగు గొడుగును మూసి గోడకు నిలబెట్టినట్టు ఉన్నాడు. మెడలో దుర్భిణి, చేతిలో ఫ్లాస్కు. పైకప్పు చివర నుంచి వాననీళ్ళు కారే చోట, మొదటి వరుసలో, వాళ్ళిద్దరూ కూర్చున్నారు. తడిసే సీట్లు కనుక చుట్టుపక్కల మరెవరూ లేరు. మావిస్ వానకోటు ముసుగును నుదుటి దాకా లాక్కుంది. ఆట అయ్యేదాకా తాను కూడా లేవకూడదని ఒట్టు పెట్టుకుంది.

"చాలా క్రమశిక్షణగా ఉన్నారే మీవాళ్ళు," అన్నాడు ఫెన్విక్, నిండిన గ్యాలరీని ఒకసారి వెనక్కి తిరిగి చూసి.

"మేము ఎప్పుడూ ఇంతే," అంది మావిస్. ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. రిఫరీ ఈల నోట పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు పై వరుసలో ఏం జరిగిందో మావిస్ తరువాత పలువురి సాక్ష్యాలను కలిపి తెలుసుకుంది. సెగ్గడ్డ ఒక్క పోటు పొడిచింది. నార్మన్ టోపీ తీసి చెమట తుడుచుకుని, ఆ టోపీని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, కళ్ళు మూసి, తల వంచాడు. అంతే. పక్కసీటులోని ప్లంబరు నల్లకోటును చూశాడు, వంచిన తలను చూశాడు, తనకెవరూ చెప్పలేదే అని సిగ్గుపడ్డాడు, లేచి టోపీ తీశాడు. అతని పక్కవాడు లేచాడు. కావలసినవారెవరైనా పోతే ఆటకు ముందు జనమంతా అలా లేచి మౌనం పాటించడం అక్కడి వాడుక. ఎవరు పోయారని ఎవరైనా అడగవచ్చు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టు. తెలియకపోవడం అమర్యాద. అమర్యాద కంటే నిలబడడం సులువు.

మావిస్‌కు మొదట వినిపించింది నిశ్శబ్దం. ఆట మొదలయ్యే ముందు ఉండే హోరు ఆమె వీపు వెనుక పై నుంచి ఒక్కొక్క వరుసే ఆరిపోతూ కిందికి దిగింది, దీపాలు ఆర్పుకుంటూ ఎవరో మెట్లు దిగుతున్నట్టు. ముందు వరుసలవాళ్ళు తమ వెనుక మౌనం విని, తిరిగి చూసి, లేచారు. ఉత్తరపు గ్యాలరీ నిలబడడం చూసి ఎదుటి గ్యాలరీ లేచింది. బూతుపాటలకు దేశమంతా పేరుపడ్డ అవతలి ఊరి జనం పాట మధ్యలో ఆపి టోపీలు తీశారు. రిఫరీ చుట్టూ చూశాడు. తనకెవరూ చెప్పలేదు; కాని తనకు ఎవరు ఏం చెప్పారు గనుక. రెండు జట్లనూ మైదానం నడిమి వృత్తం చుట్టూ నిలబెట్టి తానూ తల వంచాడు. మైకు ముందు కూర్చున్న పెద్దమనిషి చేతి కాగితంలో ఏమీ లేదు. లేనప్పుడు ఊరుకోవడం ఉత్తమం. అతను ఊరుకోలేదు.

"మనల్ని విడిచి వెళ్ళిపోయిన ఆ... ఆ మంచి ఆత్మకు," అన్నాడు వణికే గొంతుతో.

ఫెన్విక్ కూడా లేచి నిలబడ్డాడు. మావిస్ మెడ తిప్పి, వేలమంది తలల మీదుగా పైకి చూసింది. గోడకు ఆనుకుని ఒక నల్లకోటు కనిపించింది.

ఆట మొదలయ్యాక జనం కూర్చున్నారు. "ఇది నియమాలకు విరుద్ధమేమీ కాదు," అన్నాడు ఫెన్విక్ మెల్లగా. "సంతాపానికి మినహాయింపు ఉంది. నియమం పన్నెండు."

"తెలుసు," అంది మావిస్. పన్నెండో నియమం ఆమెకు కంఠతా వచ్చు. సంతాపం కాని పక్షంలో ఏమవుతుందో చెప్పే పదమూడో నియమం కూడా వచ్చు.

ఒక్క మాటతో ఆమె దాన్ని అక్కడే తుంచేయవచ్చు. ఎవరూ పోలేదు, మా తమ్ముడికి గడ్డ లేచింది, అనవచ్చు. అంటే వేలమంది నిష్కారణంగా నిలబడినట్టు పరిశీలకుడికి స్వయంగా సాక్ష్యం ఇచ్చినట్టే. అయిపోయింది కదా, ఇక కూర్చునే ఉంటారు కదా అనుకుని ఆమె నిజం దాచింది. జీవితమంతా పిల్లలను ఏ పనికి బెంచీ ఎక్కించిందో ఆ పనే చేసింది.

ఇక కూర్చునే ఉంటారన్నది ఆమె భ్రమ. పోయిన ఆటగాడి చొక్కా మీద ఏ అంకె ఉండేదో, గడియారం ఆ నిమిషానికి వచ్చినప్పుడు జనమంతా లేచి చప్పట్లు కొట్టడం ఈ మధ్య వచ్చిన ఆచారం. పోయినవాడెవరో తెలియనప్పుడు ఏ నిమిషంలో లేవాలన్న ప్రశ్నకు ఆచారం జవాబు చెప్పదు. తూర్పు గ్యాలరీలో పాతకాలపు డిఫెండరు పోయాడన్న నిర్ధారణ జరిగింది. అతని అంకె నాలుగు. నాలుగో నిమిషంలో వాళ్ళు లేచారు. మిగిలినవాళ్ళు, మనం లేవకపోతే ఏం బాగుంటుందని, లేచారు. పడమటి గ్యాలరీ విల్ఫ్ ఎకర్స్‌లీ పోయాడని తేల్చింది. ఊరంతా దేవుడిలా చూసుకునే ఒకనాటి గోల్స్ వీరుడతను, అంకె తొమ్మిది. తొమ్మిదో నిమిషంలో మైదానం మైదానమంతా మళ్ళీ లేచింది. పదకొండో నిమిషంలో, ఎక్కడ ఏం విన్నారో, అవతలి ఊరివాళ్ళు అతిథి మర్యాదగా తామే ముందు లేచారు.

లేచిన ప్రతిసారీ సీట్లు వెనక్కి కొట్టుకునే చప్పుడుకు మావిస్ ప్రాణం ఒక్కో మెట్టు దిగింది.

"మీరు లేవడం లేదు, మిసెస్ ఓల్డ్‌రాయిడ్," అన్నాడు ఫెన్విక్ చప్పట్లు కొడుతూ. అతని గొంతులో మందలింపు తొంగిచూసింది.

"మోకాళ్ళు."

"అయ్యో. పోయినాయన మీకు బాగా కావలసినవారా?"

"అంత కావలసినవారని చెప్పలేను."

"నేను అడగకూడదనుకుంటాను."

"అడగకపోవడమే మంచిది," అంది మావిస్, తన మోకాళ్ళను చూసుకుంటూ. అవి ఆ ఊళ్ళోకెల్లా గట్టి మోకాళ్ళు.

విరామంలో లాటరీ చీటీ తీయడానికి ఎవరో ఒక పాత ఆటగాడిని పిలవడం వాడుక. ఆ రోజు పిలిచింది విల్ఫ్ ఎకర్స్‌లీని. ఎనభై నాలుగేళ్ళ విల్ఫ్ చేతికర్ర ఊపుకుంటూ, మీసానికి టీ మరకతో, గడ్డి మీదికి వచ్చాడు. తొమ్మిదో నిమిషంలో తాము చప్పట్లతో సాగనంపిన మనిషిని జనం చూశారు. ఆ తరువాత లేచింది చూడండి, అది చప్పట్లు కాదు, వరద. కొందరు ఏడ్చారు. విల్ఫ్ మైకు అందుకున్నాడు.

"నేను పెనాల్టీ గోలు పోగొడితే నా మొహాన మాంసం కూరిన రొట్టెలు కొట్టింది మీరే కదరా. ఇవాళ ఏం పుట్టింది మీకు?"

విల్ఫ్ పోలేదు. ఆ సంతోషం కాసేపే నిలిచింది. విల్ఫ్ కాకపోతే మరెవరు?

అందరి చూపూ మౌనం మొదలైన చోటికి తిరిగింది. నార్మన్ ఇంకా నిలబడే ఉన్నాడు. విరామంలో కూడా కూర్చోలేనంత దుఃఖమా అని షీనా గుండె కరిగిపోయింది. క్లబ్బు అధ్యక్షుడి గదిలో నుంచి మెత్తదిండు వేసిన కుర్చీ ఒకటి మెట్ల మీదుగా మోయించుకుని వచ్చింది. నార్మన్ వద్దన్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు వద్దనే అంటారు. మరో ఇద్దరి సాయంతో, భుజాల మీద చేతులు వేసి, ఎంతో ప్రేమగా, ఎంతో గట్టిగా, షీనా అతన్ని కుర్చీలో కూలేసింది.

ఆ కేక మావిస్‌కు మొదటి వరుసలో వినిపించింది. వినిపించగానే గుర్తుపట్టింది, చిన్నప్పుడు అతని వేళ్ళు తలుపులో పడ్డప్పుడు విన్న కేకే. పక్కనున్న ఫెన్విక్ చేతిలో ఫ్లాస్కు మూత జారిపడింది. "పాపం," అన్నాడు. "అది సొంత రక్తం కోసం ఏడ్చే ఏడుపు."

గ్యాలరీ కూడా అదే అనుకుంది. సొంత రక్తం. నార్మన్‌కు పిల్లలు లేరు, భార్య పోయి ఏళ్ళయింది. అతనికి ఈ లోకంలో మిగిలింది ఒక్క అక్క. ఆ అక్క తన సీటులో ఉందా? పై నుంచి చూశారు. ఆమె ఎప్పుడూ కూర్చునే సీటు ఖాళీగా ఉంది. వానలో మొదటి వరుసలో ముసుగు కప్పుకున్న ఆకారం ఎవరో కార్యాలయపు మనిషి అయి ఉండాలి. ఆమెను గేటు దగ్గర చూసిన షీనా అప్పటికే నార్మన్‌కు వేడి టీ తేవడానికి కిందికి వెళ్ళిపోయింది. ప్లంబరు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "మిస్," అన్నాడు. ఆ ఒక్క మాట వరుసలు దిగి, గ్యాలరీలు దాటి, మైకు ముందున్న పెద్దమనిషి గదికి చేరడానికి రెండో సగంలో సగం పట్టింది. ఆ లోగా నార్మన్‌ను ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు. పైగా అతను ఇప్పుడు కుర్చీలో నెమ్మదిగా, కన్నీళ్ళతో, వింతైన ప్రశాంతతతో కూర్చుని ఉన్నాడు. గడ్డ పగిలింది.

మావిస్‌కు చొక్కా అంకె లేదు. అయితే ఆమె డెబ్బై ఒకటో పుట్టినరోజు కేకు ఫోటో సంఘం పత్రికలో పడి నెల కాలేదు. గడియారం డెబ్బై ఒకటికి రాగానే, ఆట సాగుతుండగానే, మైదానమంతా లేచింది. మైకు గొంతు సవరించుకుంది.

"మన ప్రియతమ కార్యదర్శి, కీర్తిశేషురాలు మిసెస్ మావిస్ ఓల్డ్‌రాయిడ్ గారికి."

చప్పట్లు హోరెత్తాయి. ఉత్తరపు గ్యాలరీ ఆమె నేర్పిన నదుల పేర్లను పాటలా కట్టి పాడడం మొదలుపెట్టింది. రెండు నదులను తారుమారు చేశారని ఆమె గమనించింది. ఆ మైదానంలో అప్పుడు కూర్చుని ఉన్నది ఇద్దరే: ఆమె, ఆమె తమ్ముడు.

ఫెన్విక్ చప్పట్లు ఆపాడు. నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. "మిసెస్ ఓల్డ్‌రాయిడ్ అంటే..."

"నేనే."

"మీకు తెలుసా, మీరు..."

"ఇప్పుడే విన్నాను."

ఇక దాచడానికి చోటు లేదు. "ఎవరూ పోలేదు, మిస్టర్ ఫెన్విక్," అంది. "పొద్దుటి నుంచీ ఎవరూ పోలేదు. మా తమ్ముడికి సెగ్గడ్డ లేచింది, కూర్చోలేక నిలబడ్డాడు. అతన్ని చూసి వీళ్ళు నిలబడ్డారు. నాకు మొదటి నిమిషం నుంచీ తెలుసు. చెప్పలేదు."

ఫెన్విక్ ఆలోచించాడు. "అయితే పన్నెండో నియమం వర్తించదు."

"వర్తించదు."

"వీళ్ళంతా ఇన్నిసార్లు ఊరికే నిలబడ్డారు."

"ఊరికే. రాసుకోండి."

పదేళ్ళు. ఎన్ని సభలు, ఎన్ని పట్టికలు, మంత్రుల గుమ్మాల ముందు ఎన్ని తడిసిన ఉదయాలు. అది ఓడిపోవలసిందే అయితే, కనీసం తాను చచ్చి ఓడిపోవడం ఆమెకు సమ్మతం కాలేదు. బతికి ఉన్నానని చెప్పడానికి మార్గం ఒక్కటే. మావిస్ తన ఒట్టును పక్కన పెట్టి లేచి నిలబడింది. ముసుగు వెనక్కి నెట్టింది. గ్యాలరీ వైపు తిరిగింది.

పాట ఎక్కడిదక్కడ తెగిపోయింది. ఎక్కడో పైన ప్లంబరు గొంతు, పదకొండేళ్ళ పిల్లవాడి గొంతు లాంటిది, "మిస్, మేము అనుకున్నాం..." అని ఆగిపోయింది.

మావిస్ గొంతు పెంచలేదు. తరగతిలో కూడా ఎన్నడూ పెంచలేదు.

"కూర్చోండి," అంది.

ఉత్తరపు గ్యాలరీ ఒక్క దెబ్బకు కూర్చుంది. అది చూసి తూర్పు, తూర్పును చూసి పడమర కూర్చున్నాయి. ఆమె దగ్గర ఒక్క నది పేరూ నేర్చుకోని అవతలి ఊరివాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, కూర్చున్నారు. వాళ్ళ గోల్‌కీపరు ఉత్తరపు గోలు ముందు, గ్యాలరీకి పది గజాల దూరంలో ఉన్నాడు. అతనూ గడ్డి మీద చతికిలబడ్డాడు. అతను క్రాగ్‌డెన్ బడిలో చదివి, తరువాత ఇల్లు మారినవాడని ఆపైన తెలిసింది. బంతి అతని తల మీదుగా నింపాదిగా వలలోకి వెళ్ళింది.

క్రాగ్‌డెన్ టౌన్‌కు ఆ ఏడాది అన్నిటికంటే ముఖ్యమైన గోలు అది. ఉత్తరపు గ్యాలరీ దాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూర్చుని ఆనందించింది. ఒక్కడు సగం లేవబోయాడు. మావిస్ అతని వైపు చూసింది. అతను కూర్చున్నాడు.

ఫెన్విక్ కూడా కూర్చునే ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో అతనికి తెలియదు. కాసేపటికి కలం తీసి ఏదో రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

"నేను కూడా లేచాను, మిసెస్ ఓల్డ్‌రాయిడ్," అన్నాడు. "ప్రతిసారీ. పరిశీలకుణ్ణయి ఉండి, ఎందుకని ఒక్కసారైనా అడగలేదు."

"మీది ఏ ఊరు?"

"ఇక్కడికి ఏడు మైళ్ళు."

"అయితే మీరు అడగరు," అంది మావిస్.

ఆమె ఇంటికి వెళ్ళి, దరఖాస్తు ఉపసంహరణకు క్షమాపణ లేఖ ఎలా మొదలుపెట్టాలా అని మూడు వారాలు మథనపడింది. నార్మన్ హాయిగా కూర్చుని జావ తాగుతూ, "చేసిందంతా నువ్వే, నాదేం లేదు. నేను కదలకుండా నిలబడ్డాను, అంతే," అంటూ ఓదార్చాడు. నాలుగో వారంలో అనుమతి వచ్చింది.

కడ్డీల పొడవు, ఎత్తు, బరువు మోసే శక్తి గురించి ఆమె పదేళ్ళుగా కూర్చిన పట్టికలలో ఒక్క అంకె కూడా అందులో ప్రస్తావనకు రాలేదు. గాయపడినవారి వివరాలు లేవు, ఆ తల్లుల వాంగ్మూలాలు లేవు, ఇతర దేశాల అనుభవం లేదు. వేలమంది ఒక్క మాటతో, ఒక్క క్షణంలో, ఎవరికీ దెబ్బ తగలకుండా కూర్చోగల మైదానాన్ని తాను వేరే చూడలేదని, అంతటి అదుపు ఉన్న జనాన్ని నిలబడనివ్వడానికి తనకు అభ్యంతరం లేదని ఫెన్విక్ రాశాడు. న్యాయం గెలిచిన సందర్భాలలో కూడా అది న్యాయమైన కారణానికి గెలవడం అరుదు. మావిస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అందులోని రెండు వాక్యదోషాలను ఎర్రసిరాతో దిద్ది, ఫైలులో పెట్టింది.

తరువాతి ఆటకు ఉత్తరపు గ్యాలరీ కడ్డీలు పట్టుకుని నిలబడింది, పాడింది, వానకు తడిసింది, ఎవరూ బోర్లా పడలేదు. ఆ సంబరాన్ని మావిస్ ఎదుటి గ్యాలరీ మీది అద్దాల గదిలో నుంచి, భద్రతా సిబ్బంది వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని, అనుమతి పత్రం ఆమె పేరున ప్రత్యేకంగా కేటాయించిన కుర్చీలో నుంచి చూసింది. ఆట నడుస్తుండగా ఆమె మాత్రం లేవకూడదన్నది షరతు, ఎందుకంటే ఆమె లేస్తే జనం కూర్చుంటారు.